మితిమీరిన కుడి బూటు

ఆ వీధిలో బూట్లు కుట్టే దుకాణం ఎక్కడని అడిగితే జనం తెల్లమొహం వేస్తారు. నాలుగోమితి దుకాణం ఎక్కడని అడగాలి. అప్పుడు ఎవరో ఒకరు వెంటబెట్టుకుని వచ్చి మరీ గుమ్మం ముందు దిగబెడతారు. దిగబెట్టి, మిమ్మల్ని ఒకసారి జాలిగా చూసి వెళ్తారు. ఆ జాలి ఎందుకో లోపలికెళ్ళి కూర్చున్న కాసేపటికి మీకే బోధపడుతుంది. పాదం కొలిపించుకోవటానికి వచ్చినవాడు పొడుగు, వెడల్పు, ఎత్తు ఇచ్చేస్తే పనైపోతుందనుకుంటాడు పాపం. దుకాణం ఆయన టేపు మెడలో వేసుకుని, కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి, "ఇవి మూడే కదండీ. నాలుగోది ఎక్కడుందో ఎప్పుడైనా ఆలోచించారా?" అంటాడు. పాదం ఆయన ఒళ్ళో ఉంటుంది గనక పారిపోవటానికి కుదరదు.

పనివాడిగా వంక పెట్టటానికి లేదు, ఆ మాట ముందే చెప్పుకోవాలి. దుకాణం ఇరుకు గదే అయినా దేని చోటు దానిదే. ఒక గోడకి పాదాల ఆకారపు చెక్క అచ్చులు జంటలు జంటలుగా, కుడీ ఎడమా పక్కపక్కనే. ఇంకో గోడకి మేకులకు తగిలించిన కొలత అట్టలు, వాటి అంచుల వెంట రెండు వైపులా తెల్ల సిరా మరకలు. కిటికీ దగ్గర భార్య కుట్టుమిషను. ఆయన తోలు కోసి ఇస్తాడు, ఆవిడ పైతోలు కుడుతుంది, ఆయన దాన్ని అచ్చుకెక్కించి అడుగు బిగిస్తాడు. ఏళ్ళ తరబడి అదే వరస. జిగురు వాసన ఇద్దరికీ ఎప్పుడో తెలియకుండా పోయింది.

ఈ నాలుగోమితి పిచ్చి ఎలా పట్టుకుందో కూడా చెప్పాలి. కొత్త బూటు ముక్కు కుంగిపోకుండా లోపల పాత కాగితాలు ఉండచుట్టి కూరుతారు. ఆయన వాటిని తూకానికి కొని తెచ్చుకునేవాడు. ఒకనాడు అలా ఉండ చుట్టబోతూ, చేతిలో ఉన్న కాగితంలో 'బూటు' అన్న మాట కంటబడి ఆగిపోయాడు. బూటు గురించి ఎవరో వ్యాసం రాశారంటే బూట్లు కుట్టేవాడు చదవకుండా ఎలా ఉంటాడు. చదివాడు. చదివి చెడ్డాడు.

అందులో ఉన్నది ఇదీ. మితి అంటే కొలత సాగే దిక్కు. గీతకి ఒకటే మితి. కాగితానికి రెండు. పెట్టెకి మూడు. అట్టతో కత్తిరించిన ఎడమ పాదం బొమ్మని బల్ల మీద పెట్టి ఎంత జరిపినా, ఎన్ని చుట్లు తిప్పినా అది ఎడమ పాదమే. బల్ల మీంచి పైకెత్తి తిరగేసి పెడితే మాత్రం కుడి పాదమై కూర్చుంటుంది. అంటే, బల్లకి లేని మూడో మితిలోకి ఒకసారి వెళ్ళొస్తే ఎడమ కుడి అవుతుంది, కుడి ఎడమ అవుతుంది. అలాగే నాలుగో మితి అనేది ఒకటి ఉన్న పక్షంలో, కుడి కాలి బూటు అందులోకి వెళ్ళి తిరగబడి వస్తే ఎడమ కాలి బూటు అయిపోతుంది. "అయితే, ఇంత మాత్రాన నాలుగో మితి నిజంగా ఉందని" అనేదాకా వచ్చింది వ్యాసం. అక్కడికి కాగితం చిరిగిపోయింది.

మిగతా ముక్క ఎవరి బూటులో కూరుకుని ఏ ఊరు వెళ్ళిపోయిందో తెలియదు. మన భాషతో వచ్చిన చిక్కే ఇది. ఔనో కాదో వాక్యం చివరిదాకా వస్తే గానీ తెలియదు. ముందు మాటలన్నీ చదివి మురిసిపోతాం, చివర్లో ఒక్క 'లేదు' వచ్చి అంతా ఊడ్చిపెట్టుకుపోతుంది. ఆ చివరి ముక్కే ఆయనకి దొరకలేదు. దొరకనిది తనే పూరించుకున్నాడు. "ఉందని తేలిపోయింది" అనుకున్నాడు. అనుకున్నాక నిద్రాహారాలు మర్చిపోయాడని చెప్పను గానీ, పక్కవాళ్ళకి మాత్రం అవి లేకుండా చేశాడు.

భార్య మొదట్లో వింది. తర్వాత విన్నట్టు నటించింది. ఆఖరికి ఒకరోజు మిషను ఆపి, "ఏమండీ, మూడు మితులున్న ఈ ఇంట్లోనే కాలు పెట్టటానికి చోటు లేదు. మీది మరీ మితిమీరిపోతోంది" అంది. పక్క దుకాణంవాడు అది విన్నాడు. సాయంత్రానికల్లా వీధి మొత్తానికి ఆయన నాలుగోమితి అయ్యాడు. ఆయన నొచ్చుకోలేదు సరికదా, బిరుదు ఇచ్చినంత సంబరపడ్డాడు.

ఆయన మాట వినటానికి ఇద్దరు మనుషులు కుదిరారు. ఒకాయన రైళ్ళలో గార్డుగా చేసి మానేసిన పెద్దమనిషి, ఇంకొకడు ఎదురుగా స్టూడియో పెట్టుకున్న ఫొటోగ్రాఫరు. సాయంత్రమయ్యేసరికి ఇద్దరూ దుకాణం ముందు బల్ల మీద చేరేవాళ్ళు. గార్డు గారి కళ్ళజోడు తరచూ కనిపించకుండా పోయేది. ఇల్లంతా గాలించాక ఆయన తల మీదే దొరికేది. అదివరకు దాన్ని మతిమరుపు అనేవాళ్ళు. ఇప్పుడు ఆయన గంభీరంగా, "వెళ్ళొచ్చింది" అనేవాడు. ఫొటోగ్రాఫరు ఒకసారి అచ్చువేసిన ఫొటోలో ఎవరో పెద్దమనిషి చొక్కా జేబు ఎడమ నుంచి కుడికి వచ్చిపడింది. ఫిల్ము తిరగేసి వేశావేమోరా అని ఎవరైనా అడగాలా వద్దా? అడగలేదు. అడిగితే చర్చ అయిపోతుంది, మళ్ళీ మర్నాటికి ఏం మాట్లాడుకుంటారు. పోయిన గొళ్ళెం, రాని ఉత్తరం, మాడిన కూర, అన్నీ నాలుగో మితి ఖాతాలోకే వెళ్ళేవి. ఆ బల్ల మీద అది చెయ్యలేని పనంటూ లేదు.

సరే, వీళ్ళిద్దరి సంగతి అలా ఉంచండి. ఆయనకి అసలు కావలసిన శ్రోత వేరే ఉంది. కూతురు.

పిల్ల చిన్నప్పుడు బడి నుంచి తిన్నగా దుకాణానికే వచ్చేది. అచ్చుల గోడ కింద పీట వేసుకుని, మోకాళ్ళ మీద గడ్డం ఆనించుకుని కథ చెప్పమనేది. ఆయనకు వచ్చిన కథ ఒకటే, నాలుగో మితిలో తప్పిపోయిన బూటు కథ. రోజుకో రకంగా చెప్పేవాడు. ఒకరోజు బూటు అక్కడ తన జతని వెతుక్కునేది, ఒకరోజు అక్కడివాళ్ళు దాన్ని టోపీ అనుకుని నెత్తిన పెట్టుకునేవాళ్ళు. మాట మాటకీ పిల్ల "ఊఁ" కొట్టేది. ఆయన మేకు కొట్టటానికి ఆగితే "తర్వాత?" అనేది. లోకంలో ఆయన మాటకి అలా ఊఁ కొట్టిన మనిషి ఇంకొకరు లేరు. భార్యది 'సరే, ఇక కానివ్వండి' అనే ఊఁ. గార్డు గారిది 'నా వంతు ఎప్పుడు' అనే ఊఁ. పిల్లది మాత్రం కళ్ళింత చేసుకుని, ఊపిరి బిగబట్టి, లోపలి నుంచి వచ్చే ఊఁ. అది వినటానికే ఆయన పొద్దున్నుంచీ ఎదురుచూసేవాడు.

ఆ కథలు వినీ వినీ పిల్లకి లెక్కల మీద మనసు పోయింది. కాలేజీలో లెక్కలే తీసుకుంది. ఆయన కాలు నేల మీద నిలవలేదు. ఇంట్లోనే శిష్యురాలు తయారవుతోందని కొలత ఇచ్చినవాళ్ళకీ ఇవ్వనివాళ్ళకీ చెప్పుకున్నాడు. పిల్ల నాలుగు పెద్ద పుస్తకాలు చదివి వచ్చి, "నువ్వు చెప్పిందే నిజం నాన్నా" అంటుందని ఆయన ధీమా.

ఒక సాయంత్రం భోజనాల దగ్గర ఆయన ఎప్పట్లాగే మొదలుపెట్టాడు. ఊఁ రాలేదు. అన్నం పెట్టే గరిటె చప్పుడు తప్ప ఏమీ రాలేదు. తలెత్తి చూస్తే పిల్ల ఆయన్నే చూస్తోంది.

"నాన్నా, మితి అంటే ఏంటి?"

"అదేంటే, చిన్నప్పట్నుంచీ చెప్తూనే ఉన్నాగా."

"దాని గురించి చెప్తున్నావు. అదేంటో చెప్పలేదు."

ఆయన చేతులు తిప్పి చెప్పాడు. అది ఒక చోటు అన్నాడు. చోటంటే చోటు కాదు, దిక్కు అన్నాడు. పెరుగన్నంలోకి వచ్చేసరికి అది కాలమైంది, చెయ్యి కడుక్కునేసరికి మనసైంది. పిల్ల అంతా వింది. వెక్కిరించలేదు, ఆ మాట ఒప్పుకోవాలి. "ఏదో ఒకటి అనుకో నాన్నా. అనుకున్నాక దాని మీదే నిలబడు. ఇలా అనిపిస్తోంది అనటం తప్పేం కాదు, మా పుస్తకాల్లోవాళ్ళకీ ముందు అనిపించే ఉంటుంది. కానీ అనిపించాక ఒక్కో మెట్టూ ఎక్కాలి. నువ్వు మొదటి మెట్టు మీంచి డాబా మీదికి దూకేస్తున్నావు" అంది. మరి ఊఁ ఎందుకు కొట్టలేదని ఆయన ఉక్రోషం ఆపుకోలేక అడిగేశాడు. పిల్ల కాస్త ఆలోచించి చెప్పింది. "ఊఁ అంటే ఒప్పుకున్నట్టు కదా నాన్నా. ఒప్పుకోనిదానికి ఎలా అనను?"

ఆ రోజుతో ఇంట్లో ఊఁ ఆగిపోయింది. పిల్ల మునుపటిలాగే మాట్లాడేది, మునుపటిలాగే ఆయన చొక్కా గుండీలు కుట్టి పెట్టేది. నాలుగో మితి ఎత్తితే మాత్రం "ఎందుకు?" అనేది, లేదా "ఎలా తెలుసు?" అనేది. ఆయనకి గుండెల్లో కలుక్కుమనేది. పైకి మాత్రం కాలేజీ చదువులు పిల్లల్ని పాడుచేస్తున్నాయని గార్డు గారితో అంటుండేవాడు. లోపల ఒక్కటే పట్టుదల. ఋజువు కావాలి. పిల్ల నోరు మూయించే ఋజువు కాదు, నోట్లోంచి మళ్ళీ ఆ ఊఁ రప్పించే ఋజువు. దాని కోసం ఏం చెయ్యమన్నా చేసేవాడే.

అలాంటి సమయంలో కంటి డాక్టరు దుకాణంలోకి ఊడిపడ్డాడు. ఊడిపడటమంటే నిజంగానే, గుమ్మంలో తట్టుకుని. డాక్టరు కాళ్ళకి ఈ దుకాణంలోనే కొత్తగా కుట్టించుకున్న బూట్లున్నాయి. డాక్టరు ఏదో వైద్యుల సభకి వెళ్తూ హడావిడిగా కారులో కూర్చుని వేసుకున్నాడట. అక్కడ వేదిక ఎక్కి నడుస్తుంటే కుడి పాదం లోపలికి వంకర తిరిగిపోతోందట. తోటి డాక్టర్లు కంగారుపడి, ఆయన్ని పక్కకి కూర్చోబెట్టి, పక్షవాతమేమోనని చేతులు ఎత్తమన్నారట, నాలుక చాపమన్నారట.

"ఏమయ్యా, నాకు రెండూ ఎడమ కాళ్ళే అనుకున్నావా?" అన్నాడు డాక్టరు బూట్లు బల్ల మీద పెడుతూ.

నాలుగోమితి వాటిని చూశాడు. రెండూ ఎడమ కాలివే. అటు చూసినా ఇటు చూసినా ఎడమవే. వేరే పనివాడైతే సిగ్గుతో చచ్చి, చేతులు పట్టుకుని క్షమించమనేవాడు. ఈయన ముఖం వెలిగిపోయింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. డాక్టర్ని కుర్చీలో కూర్చోబెట్టి, బూటు వేసుకున్నప్పుడు ఒంట్లో ఏమైనా తేడాగా అనిపించిందా అని మెల్లిగా వాకబు చేశాడు. చాలా అనిపించిందని, అది ఇక్కడ చెప్పే భాష కాదని డాక్టరు అన్నాడు. ఆయనకి అదేమీ చెవికెక్కలేదు.

"మీ కుడి బూటు వెళ్ళొచ్చిందండీ."

"ఎక్కడికి?"

ఆయన చెప్పాడు. మొత్తం చెప్పాడు. డాక్టరు లేచి, ఏమీ అనకుండా ఆయన కళ్ళ రెప్పలు రెండూ వేలితో పైకెత్తి చూసి, "కళ్ళు బాగానే ఉన్నాయి" అని, కుడి బూటు త్వరగా కుట్టిపెట్టమని చెప్పి, కారులో ఉన్న పాత చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. ఆ తర్వాత కబురు మీద కబురు పంపించాడు. కుడి బూటు కుట్టే తీరిక ఎవరికుంది. లోకం తలకిందులయ్యే వేళ ఒక డాక్టరు కుడి కాలి గురించి ఎవరు పట్టించుకుంటారు.

బల్ల మీద పండగలా ఉంది. గార్డు గారు రెండు బూట్లూ చెరో చేత్తో పట్టుకుని జెండాల్లా ఊపి, ఇక దాచిపెడితే పాపమని తేల్చేశాడు. గ్రంథాలయం హాల్లో ఆదివారం సభ పెట్టించింది ఆయనే. అధ్యక్షుడూ ఆయనే. 'నాలుగో మితి: ప్రత్యక్ష నిదర్శనం' అని ఫొటోగ్రాఫరు పెద్దక్షరాలతో రాసి వీధి పొడుగునా అంటించాడు. ఈ గొడవంతా జరుగుతున్నంతసేపూ భార్య మిషను దగ్గర తల వంచుకుని కుడుతూనే ఉంది. ఒకటి రెండుసార్లు ఏదో చెప్పబోయినట్టు తలెత్తింది. "ఇప్పుడు కాదు" అన్నాడు ఆయన. ఆలోచనకి అడ్డు రావద్దని ఆవిడకి ఎప్పుడో ఆజ్ఞ అయింది. ఆవిడ సరేనని మిషను తొక్కుకుంది.

పిల్ల కాలేజీ నుంచి వస్తూ గోడ మీద కాగితం చూసింది. తిన్నగా దుకాణానికి వచ్చింది. చాలా రోజులకి పీట లాక్కుని కూర్చుంది కూడా. ఆయన గుండె ఎగిరింది. బూట్లు రెండూ ఒళ్ళో పెట్టాడు.

"ఋజువు అడిగావుగా. ఇదిగో."

పిల్ల వాటిని తిప్పి తిప్పి చూసింది. "రెండూ ఎడమవే. సరే. ఇందులోంచి నాలుగో మితి ఎలా వచ్చింది?"

"కుడిది ఎడమైంది కదే. నాలుగోదాంట్లోకి వెళ్ళకుండా ఎలా అవుతుంది?"

"అది ఒకప్పుడు కుడిదని నీకెలా తెలుసు?"

"నేనే కదా కుట్టింది."

"కుట్టినప్పుడు కుడిదని చూశావా, లేక ఎప్పుడూ ఒకటి కుడి, ఒకటి ఎడమ కుడతాను గనక ఇప్పుడూ అలాగే కుట్టి ఉంటానంటున్నావా?"

ఆయనకి ఒళ్ళు మండిపోయింది. ఇన్నేళ్ళ పనిలో కుడికీ ఎడమకీ తేడా తెలియని వెధవలా కనిపిస్తున్నానా అని లేచాడు. కూతురివా ఇన్‌స్పెక్టరువా అన్నాడు. రెండు ఎడమ బూట్లు కుట్టేంత కళ్ళు మూసుకుపోయిన మనిషిని కానన్నాడు. పిల్ల గొంతు పెంచలేదు.

"నాలుగో మితి ఉందని నమ్మటం కన్నా, చెయ్యి పొరపాటు చేసిందని నమ్మటం అంత కష్టమా నాన్నా?"

 ఆయన ఇంకా గట్టిగా అరిచాడు. పిల్ల లేచి పీట గోడకి చేర్చి, పోనీ ఒక్కటి చెప్పమంది. ఫలానాది బయటపడితే నా మాట తప్పని ఒప్పుకుంటాను అనదగ్గది ఏదైనా ఉందా అని అడిగింది. ఆయన ఛాతీ విరుచుకుని, "అలాంటిదే లేదు" అన్నాడు. అది గొప్ప అనుకున్నాడు మానవుడు. పిల్ల ముఖం చిన్నబోయింది.

"అదే నాకు భయం. సభకి వస్తాను, వెనక కూర్చుంటాను. జనం నవ్వితే నా వల్ల కాదు నాన్నా, లేచి వచ్చేస్తాను."

వెళ్ళిపోయింది.  ఇదంతా నీ ఊఁ కోసమే కదే అని పిల్లతో అనవలసిన మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది. అంత పెద్ద విశ్వ రహస్యం విప్పినవాడికి ఆ చిన్న మాట పలకటం చేతకాలేదు.

ఆదివారం హాలు నిండింది. వీధికి వీధే వచ్చింది, సగంమంది నవ్వుకోవటానికి, సగంమంది మిగతావాళ్ళు ఎందుకు వెళ్తున్నారో చూడటానికి. గోడ మీద 'నిశ్శబ్దం' అని బోర్డు ఉంది, దాని కిందే అందరూ గోలగా మాట్లాడుకుంటున్నారు. కంటి డాక్టరు పాత చెప్పులతో ముందు వరసలో కూర్చున్నాడు. భార్య ఒక పక్కగా ఆడవాళ్ళ దగ్గర కూర్చుంది. పిల్ల ఆఖరి వరసలో, తలుపు దగ్గరి కుర్చీలో. ఆయన వేదిక ఎక్కగానే మొదట ఆ తలుపు వైపే చూశాడు.

గార్డు గారు రైలుకి జెండా ఊపినట్టు చెయ్యి ఊపి సభ ప్రారంభించాడు. ఫొటోగ్రాఫరు కెమెరా సిద్ధంగా పట్టుకున్నాడు. ఆయన బల్ల మీద బూట్లు పెట్టాడు. గొంతు సవరించుకున్నాడు. బాగానే మొదలుపెట్టాడు, ఆ మాట చెప్పాలి. గీత, కాగితం, పెట్టె, అన్నీ చక్కగా వరసలో వచ్చాయి. జనం గోల తగ్గింది. వెనక నుంచి ఊఁ మాత్రం రాలేదు.

"ఇప్పుడు మూడో మితిలోకి వెళ్ళొస్తే ఎడమ కుడి ఎలా అవుతుందో కళ్ళారా చూడండి" అని, దుకాణం నుంచి తెచ్చిన సంచీలో చెయ్యి పెట్టాడు. డాక్టరు పాదానికి తీసిన కొలత అట్టే దొరికింది. కొత్త పాదం గనక కొత్త అట్ట, ఆ ఒక్క జతకే వాడింది. దాన్ని ఎత్తి పట్టుకుని, "ఇదిగో ఎడమ" అన్నాడు. అంచు వెంట తెల్ల సిరా మరక మెరుస్తోంది. తోలు మీద అట్ట పెట్టి చుట్టూ సిరాతో గీసినప్పుడు పైకున్న వైపు అంచుకి ఎలాగూ అంటుకుంటుంది. "ఇదిగో, తిరగేస్తున్నాను. ఇదిగో కుడి" అన్నాడు.

అని, ఆగిపోయాడు.

అట్ట రెండో వైపు శుభ్రంగా ఉంది. మచ్చుకైనా సిరా లేదు. దుకాణం గోడకి వేలాడే అట్టలన్నిటికీ రెండు వైపులా మరకలుంటాయి. ఎడమది గీసి, తిరగేసి, కుడిది గీయటం ఆయన చేతికి ఊపిరి పీల్చుకోవటంలా అలవాటు. ఈ అట్ట ఒక్కటీ తిరగబడలేదు. ఆ పూట గార్డు గారి కళ్ళజోడు ఎక్కడికి వెళ్ళొచ్చిందో చర్చ జోరుగా సాగటం, కత్తి పట్టుకునే తను వంత పాడటం ఇప్పుడు గుర్తొచ్చాయి.

హాల్లో ఎవరికీ ఏమీ తెలియదు. అట్టకి ఎన్ని వైపులా సిరా ఉండాలో బూట్లు కుట్టేవాడికి తప్ప ఎవరికి తెలుస్తుంది. సంచీలో పెట్టేసి, బూట్లు ఎత్తి చూపించి, ఇందాక అనుకున్న మాటలే చెప్పేస్తే చప్పట్లు పడతాయి. గార్డు గారి చేతులు అప్పుడే దగ్గరికి వస్తున్నాయి. ఆయన నాలుక ఆ మాటల దాకా వెళ్ళింది కూడా. ఇన్నేళ్ళు మోసుకొచ్చినది అంత తేలిగ్గా ఎవరు దించుకుంటారు.  ఏడుపొచ్చింది. తలుపు వైపు చూశాడు. పిల్ల కుర్చీ అంచుకి జరిగి కూర్చుని, లేవటానికా ఉండటానికా తెలియనట్టు చూస్తోంది. ఆ పిల్ల ముందు ఈ అట్టని సంచీలో దాచటం ఆయన వల్ల కాలేదు.

"ఒక్క నిమిషం" అన్నాడు గార్డు గారితో. అట్టని జనం వైపు తిప్పాడు. "అట్ట ఏ వైపు పైకి పెట్టి గీస్తే ఆ వైపు అంచుకి సిరా అంటుతుంది."

 వెనక నుంచి చాలా సన్నగా వినబడింది.

"ఊఁ."

 ఆయన అట్టని ఇంకాస్త పైకెత్తాడు. "ఒక వైపు గీస్తే ఎడమది వస్తుంది. తిరగేసి గీస్తే కుడిది."

"ఊఁ."

"ఈ అట్ట మీద ఒక్క జతే కోశాను. రెండో వైపు సిరా లేదు. కాబట్టి ఇది తిరగబడలేదు."

"ఊఁ."

"కాబట్టి రెండు ముక్కలూ ఎడమవే కోశాను. పైతోలు ఎడమది గనక ఎడమ అచ్చుకే పట్టింది, నా చెయ్యి దానికే ఎక్కించేసింది. కుడి బూటు ఎక్కడికీ వెళ్ళలేదు. అసలు పుట్టనేలేదు." ఆయన అట్టని బల్ల మీద పెట్టాడు. "నాలుగో మితి సంగతి దేవుడెరుగు. నేను ఆ పూట మూడోదే వాడలేదు."

హాలు గొల్లుమంది. ఆ నవ్వులో భార్య గొంతు వినబడింది. కుట్టేటప్పుడే రెండూ ఎడమవని చూశానని, నాలుగో మితి కోసం కావాలని కోశారేమో అనుకున్నానని, చెప్పబోతే ఇప్పుడు కాదన్నారని ఆవిడ అమాయకంగా పక్కావిడకి చెబుతోంది. హాలు మళ్ళీ గొల్లుమంది. డాక్టరు పొట్ట పట్టుకున్నాడు. ఫొటోగ్రాఫరు కెమెరా దించి, ఏదో గుర్తొచ్చినవాడిలా దిగులుగా తన చొక్కా జేబు చూసుకున్నాడు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. అవమానంగానే ఉంది, చాలా అవమానంగా ఉంది. అయినా తలుపు వైపే చూస్తున్నాడు. జనం నవ్వుతున్నారు, పిల్ల లేచి వెళ్ళలేదు. లేచి ముందుకు వస్తోంది. వరసలన్నీ దాటుకుంటూ వచ్చి, డాక్టరు పక్కన కుర్చీ లాక్కుని, మోకాళ్ళ మీద మోచేతులు పెట్టి గడ్డం ఆనించుకుంది.

అధ్యక్షుడు గార్డు గారికి మాత్రం దిక్కు తోచలేదు. "ఇంతకీ నాలుగో మితి ఉన్నట్టా లేనట్టా? జనానికి ఏదో ఒకటి చెప్పాలి కదయ్యా" అన్నాడు దీనంగా.

ఆయనకి ఆ చిరిగిన కాగితం జ్ఞాపకం వచ్చింది. అందులోని ఆఖరి వాక్యం ఆయనకి అక్షరం పొల్లుపోకుండా వచ్చు. చెప్పాడు. "ఇంత మాత్రాన నాలుగో మితి నిజంగా ఉందని" అన్నాడు. అని ఆగాడు. ఇన్నేళ్ళుగా తను అతికించుకున్న ముక్క నాలుక మీదే ఉంది. దాన్ని పక్కకి నెట్టటానికి కొంతసేపు పట్టింది.

"చెప్పలేం" అన్నాడు.

"ఊఁ" అంది పిల్ల. "లేదని?"

ఆయన ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు. "అదీ చెప్పలేం. నా దగ్గర దానికీ ఋజువు లేదు."

"ఊఁ" అంది పిల్ల మళ్ళీ. కళ్ళింత చేసుకుని, ఊపిరి బిగబట్టి చూస్తోంది. హాల్లో నవ్వులు ఇంకా ఆగలేదు గానీ ఆయనకి అవేమీ వినబడటం లేదు.

"తర్వాత?" అంది.